చివరి ఒక్కటి

తొమ్మిది కాగానే అలవాటు ప్రకారం అతను కింది అంతస్తులోని గోదాముకి ఫోన్ చేశాడు. పదహారేళ్ళుగా ఓ ఆన్‌లైన్ దుకాణానికి పేజీలు రాసే ప్రోగ్రామరు. కాలరు అరిగిన చొక్కా, మెడలో వేలాడే కళ్ళద్దాలు. ఏ సరుకు ఎంత మిగిలిందో కంప్యూటరే చెబుతుంది. అయినా గోదాము చూసుకునే ఆవిడను అడుగుతాడు. ఆ గొంతు వినడానికేనని ఒప్పుకుంటేగా! ఆవిడా అతనిలాగే ఒంటరి.

ఇన్నాళ్ళూ కొనేవాళ్ళు చూసే పేజీలూ, వెనక ఆర్డర్లూ సరుకూ చూసే ప్రోగ్రామూ కలిసే ఉండేవి. ఇవాళ పేజీలనే తలనూ, ప్రోగ్రామనే మొండేన్నీ వేరు చేశారు. ఇక ఫోనుకో తల, చేతిగడియారానికో తల, అడిగితే జవాబు చెప్పే స్పీకరు పెట్టెకో తల. రావణుడికైనా పదే! అతను రాసిన పాత తలతోపాటు అతని ఉద్యోగం కూడా సాయంత్రంతో సరి.

ఆ పాత తలలో అతను పెట్టిన నియమం ఒకటుంది. ఒక్కటే మిగిలిన వస్తువును "అయిపోయింది" అని చూపించాలి. లేనిది అమ్మి మాటపడటంకన్నా ఉన్నది దాచుకోవడం మేలని అతని భయం. బతుకంతా అంతే, పెళ్ళిమాట కూడా ఎవరినీ అడగలేదు. అలా గోదాములో ఓ అరనిండా ఒంటరి వస్తువులు పోగయ్యాయి. ఒక గొడుగు, ఒక టేబుల్ లైటు, ఒక గోడగడియారం.

కొత్త తలలకు ఆ నియమం తెలియదు.

"మీరు దాచినవన్నీ పొద్దుట్నుంచీ ఎగిరిపోతున్నాయండీ బాబూ!" ఆవిడ ఫోనులో నవ్వింది. "సాయంత్రం ఓసారి కిందికి రండి. టీ తాగి వెళ్దురుగాని."

పదహారేళ్ళలో ఆవిడ రమ్మనడం ఇదే మొదలు. ఉద్యోగం లేకపోయినా రేపు తొమ్మిదింటికి ఫోన్ చెయ్యొచ్చా అని ఇవాళైనా అడిగెయ్యాలనుకున్నాడు. రోజంతా ఆ మాటే నెమరేసుకున్నాడు.

అయిదింటికి దిగాడు. ఆవిడ జడలో పెన్సిలు, చేతులకు అట్టపెట్టెల దుమ్ము.

"కూర్చోండి, నీళ్ళు మరుగుతున్నాయి."

"వద్దులెండి, ఇప్పుడే తాగొచ్చాను." తాగలేదు.

"రేపట్నుంచి తొమ్మిదింటికి ఏం చేస్తారు మరి?"

"ఏముందండీ... ఏదో ఒకటి."

ఆవిడ స్టవ్ ఆపేసింది. అతను గేటు దగ్గర గుర్తింపు కార్డు ఇచ్చేసి బస్సెక్కాడు. ఛీ, ఇంతా చేసి ఆ ఒక్క మాటకు నోరు పెగల్లేదు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గోదాములో కాస్త తలెత్తి ఆ అర వైపు చూసినా సరిపోయేది. అన్నీ అమ్ముడైపోయిన ఆ అరలో, పొద్దున్నే పెట్టె విప్పి కడిగి బోర్లించిన రెండు కప్పులు, వాటి పక్కన పెన్సిలుతో రాసిన చీటీ: "అమ్మకానికి కాదు."