కుబాత్, వెనక్కి రా!

"ఇంత నిండా పోశావేంటి? తాగేసి లేచి పొమ్మనా?"

వచ్చిన చుట్టాల ముందే అత్తగారు టీ పియాలాని వెనక్కి తోసింది. జిపార్ కొంచెం ఒంపేసి మళ్ళీ అందించింది. కరకోల్ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా అంతే. టీ సగమే పోయాలి, ఎన్నిసార్లయినా పోయాలి, ఎవరి పియాలా ఖాళీ అవుతోందో వాళ్ళు అడగకముందే కోడలు కనిపెట్టాలి. మూడేళ్ళుగా టీ నీళ్ళు కాగే సమోవర్ పక్కన కూర్చుని ఆమె చేస్తున్న జీతం లేని ఉద్యోగం ఇది. ఈ ఇంట్లో ఆమె పేరు "కెలిన్", అంటే కోడలు. భర్త మక్సత్‌కి మాత్రం "ఇదిగో". మెట్టినింటి పెద్దల పేర్లు ఆమె నోట రాకూడదు కూడా. బావగారి పేరే ఉన్న ఇంకో మనిషి గురించి చెప్పాలన్నా "మన బావగారి పేరాయన" అనాలి. తన పేరుకి ఆ గౌరవం ఏమీ లేదు, అయినా దాన్నీ ఎవరూ పలకరు.

ఖాళీ పియాలాలు కనిపెట్టే ఆ చూపు ఆమెకి ఒక్కచోట కలిసొచ్చింది. కూతురు నిద్రపోయే మధ్యాహ్నాలు, వంటింట్లో పాత లాప్‌టాప్ ముందు, ఐదుగురు ఐదుగురితో కొట్లాడే ఆటలో. అందరికీ నరికే వీరుడే కావాలి. మందు వేసి బతికించే వైద్యుడి వేషం ఎవరికీ అక్కర్లేదు, చచ్చేదాకా. ఆ వేషం జిపార్ తీసుకుంది. ఎవరి ప్రాణం తగ్గుతోందో, శత్రువు ఏ చెట్ల మాటున నక్కాడో ఆమెకి ముందే తెలిసిపోయేది. "బూడిద తోడేలు" అని పేరు పెట్టుకుంది. మైకు మాత్రం ఆన్ చేసేది కాదు. ఒకసారి చేస్తే, ముక్కూ మొహం తెలియని కుర్రాడెవడో "అమ్మాయా? పోయి బోర్ష్ వండుకో" అన్నాడు. మిగిలినవాళ్ళు నవ్వి, ఆడడం మానేసి ఓడిపోయారు. అప్పట్నుంచీ నోరు మూసుకునే ఒక్కో మెట్టూ ఎక్కింది. అలా ఎక్కి ఎక్కి ఒకచోట ఆగిపోయింది. అక్కణ్ణుంచి పైకి పోవాలంటే చూసింది చెప్పాలి, అరిచి చెప్పాలి. ఈ ఇంటికి వచ్చాక తనదంటూ పెరిగినవి కూతురూ, ఆ ర్యాంకూ. కూతురి పేరు పక్కన ఎటూ తండ్రి పేరే ఉంది.

మక్సత్, వాళ్ళన్న కుబాత్, ఇద్దరు స్నేహితులు కలిసి అదే ఆట ఆడేవారు. వాళ్ళ ఐదో మనిషి పనికోసం మాస్కో వెళ్ళిపోయాడు. "నువ్వూ ఏదో ఆడుతుంటావుగా, వెనకాల నిలబడి మందులు వేస్తూ ఉండు. మాట్లాడక్కర్లేదు" అన్నాడు మక్సత్. తన ర్యాంకు అతని కంటే పైనుందని చెబుదామనుకుని, పోనీలే అని ఊరుకుంది. నిజానికి ఆమెకి సంతోషమేసింది. పెళ్ళయ్యాక అతను ఆమెని తనతో రమ్మన్నది అదే మొదటిసారి.

మగవాళ్ళు హాల్లో, ఆమె వంటింట్లో. పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది కదా మరి. ఆటకొక ఓటమి. కుబాత్ గొడ్డలి ఝళిపిస్తూ ఒక్కడే ముందుకి ఉరికేవాడు. "పెద్ద బావగారూ, కొంచెం వెనక్కి రండి, అటు పక్క..." అంటూ ఆ మర్యాదంతా పూర్తయ్యేసరికి ఆయన చచ్చి పడి ఉండేవాడు. "ఏరా మక్సత్, మీ ఆవిడ మందు పోస్తోందా, టీ పోస్తోందా?" అనేవాడు గోడ అవతలి నుంచి. అందరూ నవ్వేవాళ్ళు. మక్సత్ నవ్వు ఆమెకి విడిగా వినిపించేది. ఒంటరిగా ఎక్కిన మెట్లన్నీ వాళ్ళతో కలిసి దిగిపోతోంది. ఆ మాట చెప్పుకోవడానికి కూడా మనిషి లేదు. ఎవరితో చెప్పినా, ఆటే కదా అంటారు.

అత్తగారు పియాలా వెనక్కి తోసిన ఆ ఆదివారం, చుట్టాలు వెళ్ళగానే మళ్ళీ కూర్చున్నారు. ఇది కూడా పోతే, ఆమె కూతురు పుట్టిన ఏడాది దాటి వచ్చిన మెట్టుకి మళ్ళీ పడిపోతుంది. ఆట చివరికొచ్చింది. కుబాత్ ఎప్పటిలాగే ముందుకి ఉరికాడు. చెట్ల వెనక ముగ్గురు కాచుకుని ఉన్నారు. ఆమెకి తప్ప ఎవరికీ కనబడలేదు.

"కుబాత్, వెనక్కి రా!"

ఆయన వచ్చేశాడు. ఆలోచించకుండా, పిలిస్తే పలికే పిల్లాడిలా వచ్చేశాడు. వెంటపడ్డ ముగ్గురూ వీళ్ళ మధ్యకి వచ్చి చిక్కారు. గెలిచారు.

గోడ అవతల కేకలేమీ లేవు. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది.

"ఎవర్నే పేరు పెట్టి పిలిచావు?"

"ఆటలో, అత్తయ్యా..."

"ఆటలో అయితే మాత్రం బావగారు బావగారు కాకుండా పోతాడా?"

మక్సత్ వచ్చాడు. అతని ముఖంలో గెలుపు ఇంకా ఆరలేదు. "ఒకసారి వంగి దండం పెట్టెయ్, పోతుంది" అన్నాడు, గొంతు తగ్గించి. అతను తన పక్షాన ఒక్క ముక్క అంటాడేమోనని ఆమె అతని కళ్ళలోకి చూసింది. అతను సమోవర్ వైపు చూస్తున్నాడు. హాల్లోకి వెళ్ళి, చేతులు కట్టుకుని, మూడుసార్లు వంగింది. కుబాత్ ఇబ్బందిగా నవ్వి, "సర్లే సర్లే. ఇంకోటి వేద్దాం. ఈసారి మాత్రం పేర్లొద్దు" అన్నాడు.

జిపార్ వంటింట్లోకి వచ్చి కూర్చుంది. గెలవడానికి ఒక్క పేరు చాలింది. ఇన్నాళ్ళూ తనకి రానిది ఆట కాదు. జట్టులోంచి బయటికొచ్చేసింది. బూడిద తోడేలు అన్నచోట తన పేరు రాసింది. ఎవరో తెలియని నలుగురితో కొత్త ఆట మొదలుపెట్టి, మైకు ఆన్ చేసింది.

"నా పేరు జిపార్. మందు నేను వేస్తాను."

"అమ్మాయా?" అన్నాడొకడు. ఇంకొకడు ఈల వేశాడు.

"ఎడమ పక్క ఇద్దరున్నారు. వెనక్కి రా."

వాడు రాలేదు, చచ్చాడు. ఆటలో మళ్ళీ బతికొచ్చాక, రెండోసారి చెబితే వచ్చాడు.

"కెలిన్! టీ ఏదీ?" అత్తగారు.

"ఇదిగో, బయటికెళ్ళిపోయావేంటి? నిన్నే!" మక్సత్.

చెవుల్లో ఏ ఊరివాడో, జన్మలో తను చూడబోనివాడు, ప్రాణం పోతున్నట్టు అరుస్తున్నాడు. "జిపార్! ఎక్కడున్నావ్? జిపార్!"

మూడేళ్ళలో ఆ పేరుని అంత గట్టిగా ఎవరూ పిలవలేదు. ఆమె కళ్ళు నిండాయి. లేవలేదు.

"ఇక్కడే ఉన్నాను" అంది.