ముక్క పెట్టే వేళ

ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకునేది గుమ్మంలోనే. అతనికి బేకరీలో పొయ్యి దగ్గర పని. ఊరంతా ముసుగుతన్ని పడుకున్న వేళకే వెళ్లి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి కనుబొమల నిండా పిండితో ఇంటికి చేరేవాడు. ఆమెకి బస్టాండులో, టికెట్ల కౌంటరులో మధ్యాహ్నం డ్యూటీ. అతను చెప్పులు విడుస్తుంటే ఆమె చెప్పులు తొడుక్కునేది. ఆ మధ్యలోనే పిల్ల ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మారేది. "ఇప్పుడే స్నానం చేయించా, పాలు నిద్రపుచ్చే ముందు" అని ఆమె అనేది. "ఊఁ" అని అతను. ఆమె మళ్లీ పనిలో చేరినప్పటినుంచీ కాపురమంటే ఆ రెండు ముక్కలే.

పిల్లకి ఎనిమిదో నెల. గుండ్రంగా, నున్నగా ఉంటుందని దాన్ని బుడంకాయ అని పిలుచుకునేవారు. తల్లికి పాలు తగ్గాయి. పోనీ మెత్తగా మెదిపి ఏదైనా పెడదామంటే, చెంచా కనబడగానే బుడంకాయ మూతి బిగించేది. బతిమాలి బామాలి లోపలికి తోస్తే తోసినంతా తిరిగి మొహాన పడేది. టీకాకి తీసుకెళ్లినప్పుడు ఈ గోలంతా విని నర్సమ్మ నవ్వింది.

"దాని కోపం చెంచా మీదమ్మా, తిండి మీద కాదు. పండు ముక్క చేతికే ఇవ్వండి. రెండు వేళ్ల మధ్య నొక్కితే చితికిపోవాలి, అంత మగ్గింది చూసి, వేలంత పొడుగు కొయ్యండి. బొప్పాయి, అరటిపండు, లేదంటే ఆవిరి మీద మెత్తగా ఉడికించిన ఆపిల్. పచ్చి ఆపిల్, గుండ్రటి ద్రాక్ష మాత్రం వద్దు. నిటారుగా కూర్చోబెట్టి, మీరు ఎదురుగా కూర్చోండి. ఓకరించినా దగ్గినా కంగారుపడకండి. చప్పుడు లేకపోతేనే భయపడాలి."

ఆ ఆఖరి మాట అతని బుర్రలో దిగబడిపోయింది.

మర్నాడు గుమ్మంలో ఆమె మామూలు కంటే రెండు మాటలు ఎక్కువ మాట్లాడింది.

"బొప్పాయి కోసి గిన్నెలో పెట్టా. దాని ఎదురుగా కూర్చోండి. ఫోను ముట్టుకోకండి."

"ఫోను చూసే ఓపిక కూడానా నాకు!"

బుడంకాయని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, మెడకి గుడ్డ కట్టి, ముందున్న పలక మీద ఒక ముక్క పెట్టాడు. అది ముక్కని చాలాసేపు అనుమానంగా చూసింది. వేలితో పొడిచింది. పట్టుకోబోతే జారింది. మళ్లీ పట్టుకుంటే గుప్పిట్లోంచి పిసికినట్టు బయటికొచ్చి మోచేతిదాకా కారింది. నుదుటికి రాసుకుంది, చెవిలో పెట్టుకుంది. చివరికి దారి తప్పినట్టు చెయ్యి నోట్లోకి వెళ్లింది. మొహమంతా ముడుచుకుంది, ఒళ్లు ఝల్లుమంది, ఒకసారి ఓకరించింది. అతను కుర్చీ అంచుకి జరిగి ఊపిరి బిగబట్టాడు. బుడంకాయ మింగింది. మింగి, ఇంకోటేదీ అన్నట్టు పలక మీద దబదబా బాదింది.

గదిలో ఎవరో నవ్వారు. తనే అని అతనికి ఆలస్యంగా తెలిసింది.

ఆ తర్వాత ఆ మధ్యాహ్నాలు అతనికి కష్టమూ సుఖమూ కూడా అయ్యాయి. పిల్ల తిన్నది గుప్పెడైతే నేలమీద పడేది దోసెడు. గోడకి అంటిన బొప్పాయి ఎండితే గోకినా రాదని ఆ ఇంట్లో అతనికి ఒక్కడికే తెలుసు. పొద్దున్న బేకరీలో రేకుల పళ్లేలు కడిగిన నడుముతోనే మోకాళ్ల మీద కూర్చుని నేల తుడిచేవాడు. అయినా, పొయ్యి ముందు చెమటలు కారుతున్నప్పుడు ఇవాళ దానికి ఏ పండు అని ఆలోచిస్తే కాస్త ప్రాణం లేచొచ్చేది.

అలా ఉండగా బేకరీలో తోటి పనివాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇద్దరి పని ఒకడి నెత్తిన పడింది. "కొన్నాళ్లు ఓర్చుకోరా" అన్నాడు పెద్ద మేస్త్రి. ఓర్చుకోక చేసేదేముంది? ఇంటికొచ్చేసరికి కాళ్లు తనవి కానట్టుండేవి. పిల్లేమో పళ్లు వస్తున్న సలుపుతో రాత్రుళ్లు ఏడుపు. ఇద్దరి కళ్లకిందా నల్లటి చారలు పడ్డాయి.

ఒకనాడు అరటిపండు పెట్టాడు. చేతిలోంచి జారకుండా ఒక చివర తొక్క ఉంచి అందించాడు. బుడంకాయ చీకుతూ, చిగుళ్లతో గీరుతూ తన లోకంలో పడింది. అతను ఎదురుగా కూర్చుని చెంపకి చెయ్యి ఆనించాడు. కిటికీలోంచి ఎండ వీపు మీద పడుతోంది. ఒక్కసారి రెప్ప వేశాడు.

మెలకువ తెప్పించింది నిశ్శబ్దం. తల బల్ల మీద ఉంది. పండు తొక్క నేల మీద ఉంది. బుడంకాయ రెండు బుగ్గలూ ఉబ్బించుకుని, కళ్లలో నీళ్లతో, కదలకుండా అతన్నే చూస్తోంది. చప్పుడు లేదు.

అతను ఏం చేశాడో అతనికే సరిగ్గా గుర్తులేదు. కుర్చీ పడిపోయింది. పిల్లని ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వంచి వీపు మీద చరిచాడు. మళ్లీ చరిచాడు. చితికిన అరటిపండు ముద్దముద్దగా నేల మీద పడింది. ఆ వెంటనే బుడంకాయ ఇల్లెగిరిపోయేలా కెవ్వుమంది. ఆ ఏడుపులో పిడికెడంత అవమానం కూడా ఉంది. దాని గొంతులో ఏదీ అడ్డం పడలేదు. తిన్నదంతా బుగ్గల్లో దాచుకుని, నాన్న ఎందుకు పడుకున్నాడా అని చూస్తోంది, అంతే.

అతను నేల మీదే కూలబడి పిల్లని గుండెకి అదుముకున్నాడు. అది ఏడుస్తుంటే తనూ ఏడ్చాడు. చొక్కా నిండా పిండీ, అరటిపండూ, చీమిడీ.

నేల తుడిచాడు, పిల్లని నిద్రపుచ్చాడు. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు. పొద్దుగూకాక ఆమె వచ్చి, చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ "తిందా?" అని అడిగింది. అంతే, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

ఆమె పిల్ల గౌను పైకెత్తి వీపు చూసింది. ఎర్రటి మచ్చ ఇంకా ఉంది.

"దానికి పండు పెట్టి పడుకున్నారా?"

"పడుకోలేదే. పడిపోయాను."

"నిజంగా గొంతుకి అడ్డం పడుంటే?"

ఆమె ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాటినుంచి గుమ్మంలో పండు ఊసు లేదు. "పాలు పట్టండి చాలు. పండు నేను పొద్దున్న పెట్టుకుంటా" అంది. అతను తల ఊపాడు. ఇంట్లో తనకున్న ఒక్క సరదా పోయింది, కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? మధ్యాహ్నం పూట బుడంకాయ ఎత్తు కుర్చీని చూపించి చేతులు చాపేది. పాలసీసా ఇస్తే విసిరికొట్టేది.

అతనికి వారపు సెలవు వచ్చింది. పొద్దున్న లేచి వంటగదిలోకి వెళ్తే ఆమె పిల్లకి బొప్పాయి పెడుతోంది. కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది. ఆమె నిలబడి ఉంది. ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. జుట్టు దువ్వుకోలేదు.

"కూర్చోవచ్చుగా?" అన్నాడు.

"వద్దు."

"కాళ్లు లాగవూ?"

"లాగనీ." ముక్క అందించి, పిల్లమీదినుంచి కళ్లు తిప్పకుండానే అంది, "కూర్చుంటే నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి. నిన్న గిన్నె చేతిలోంచి జారితే మెలకువొచ్చింది."

బుడంకాయ చప్పరిస్తూ ఏదో చెబుతోంది.

"మీ మీద అంత ఎగరకుండా ఉండాల్సింది," అంది ఆమె.

"ఎగరలేదుగా నువ్వు. మాట్లాడ్డం మానేశావు."

"అదే."

అతను ఖాళీ కుర్చీని ఆమె వెనక్కి జరిపాడు. "కూర్చో. నేను చూస్తుంటా. నువ్వు తూలితే నేను లేపుతా."

ఆ వారంలో ఆమె కౌంటరులో పక్కసీటు ఆవిడని అడిగింది. మధ్యాహ్నం తను వచ్చేదాకా కాసేపు తన కిటికీ కూడా చూసుకుంటే, సాయంత్రం ఆవిడ బదులు తను ఆగుతానంది. "నీ మొహం చూస్తే నాకే నిద్రొస్తోంది, వెళ్లవే తల్లీ" అందావిడ. ఇతను కాస్త ముందుగా వదలమని పెద్ద మేస్త్రి దగ్గర నసిగాడు. మేస్త్రి విసుక్కున్నాడు, మీసం దువ్వుకున్నాడు, చివరికి రేకుల పళ్లేలు కడిగే పని ఇంకొకరికి అప్పజెప్పాడు. చెయ్యి విరిగినవాడు తిరిగొచ్చేవరకూ మిగతా చాకిరీలో మార్పేమీ లేదు.

మొత్తానికి రోజూ ఒక అరగంట దొరికింది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర. ఆమె వెళ్లేముందు తినే తిండి, అతను వచ్చాక తినే తిండి, బుడంకాయ పండు, అన్నీ ఒకేసారి. మొదటిరోజు ఉడికించిన ఆపిల్. ఇద్దరికీ ఏం మాట్లాడుకోవాలో తోచలేదు. కరెంటు పోయిన సంగతి, కుళాయి కారుతున్న సంగతి చెప్పుకున్నారు. పిల్ల ముక్కని రెండు వేళ్లతో చిటికెలా పట్టుకుంటే ఇద్దరూ ఒకేసారి "అదిగో!" అన్నారు.

అతను పళ్లెంలో సగం తిని, గోడకి తల ఆనించాడు. ఆమె లేపడానికి చెయ్యి చాపి, ఆగిపోయింది. అతని నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. చెవి వెనక పిండి. బుడంకాయ అతన్ని చూసి బుగ్గలు ఉబ్బించింది. "మింగు ముందు," అని ఆమె మెల్లిగా కసిరి, దాని గడ్డం తుడిచింది. ఇంకో ముక్క ఇచ్చింది. మరొకటి ఇచ్చింది. తన తిండి చల్లారిపోతున్నా పిల్ల నోరు ఖాళీ అయ్యేదాకా చూస్తూనే ఉంది. తర్వాత సంచీ భుజానికి తగిలించుకుని అతని మోచేతి మీద తట్టింది.

అతను ఉలిక్కిపడి లేచాడు. ముందు పిల్లవైపు చూశాడు, తర్వాత ఆమె వైపు.

"ఎంతసేపు పడుకున్నా?"

"రెండు ముక్కలంతసేపు," అంది ఆమె. "మొహం కడుక్కోండి. నేను బయల్దేరాలి."