ఆచారిగారి చెవి

హేమంతప్రాతఃకాలమున చింతపల్లి కొండలనుండి దిగివచ్చిన దట్టంపుమంచు నర్సీపట్నపు వీథుల నావరించి దుకాణముల తలుపులను తడిపి టీకొట్ల పొగతో గలిసి బాలభానుని వెలవెలబోవజేయుచుండ కోటలింగాచారి కార్ఖానాయందు మాత్రము ఒక డీజిలింజను గడగడ మ్రోగుచు నాగుచు మరల మ్రోగుచు ఇరుగుపొరుగువారి నిద్ర చెడగొట్టుచుండెను.

ఆ యింజను వేఱొక బండినుండి యూడదీసి తెచ్చినది. దానినిప్పుడు గర్భమున ధరించియున్న ముసలి అంబాసిడరు ప్రభుత్వాసుపత్రి నర్సు అప్పలనర్సమ్మది. పేరును ఉద్యోగమును ఒక్కచోట గలిసివచ్చుటచే ఊరివారామెను నర్సమ్మయని పిలిచి ఊరకుండిరి. కొండపల్లెల గర్భిణులను ఘాటుదారివెంట దించి దించి ఆ కారు పాతయింజను అరిగి ప్రాణము విడిచెను. నాలుగుదినములలో పైపల్లెయందొక కవలల చూలాలికి నెలలు నిండనుండుటచే నర్సమ్మకు కాలు నిలుచుట లేదు.

ఇంజను సిద్ధమే. దానికి డీజిలును కొలిచియిచ్చు పని యెవరి కప్పగించవలెనన్నదే తగవు. వైర్లతో సెన్సార్లతో గూడిన కంప్యూటరు పెట్టె యొకటియు చేతితో త్రిప్పి చెవితో సరిచూచుకొను పాతకాలపు పంపొకటియు సిద్ధముగ నుండెను. పాలిటెక్నిక్కు చదివిన కోడలు వైదేహి పెట్టెయే పెట్టుదమని వారముదినములుగ మామగారి చెవిలో నిల్లుగట్టుకొని పోరుచుండ ఆయన పెడచెవిని బెట్టుచుండెను. పాపము, పెడచెవియేమి! నలువదియేండ్లు ఇంజనుల హోరున మునిగిన ఆ చెవులు రెండేండ్లుగ మొరాయించుచుండెను. ఇంజను చప్పుడు విన్నంతనే రోగము చెప్పగల మేస్త్రీయని బిరుదు మోయువాడు తనకు చెవుడు వచ్చెనని యే నోటితో చెప్పుకొనును? పెదవుల కదలికలు చూచి నెట్టుకొని వచ్చుచుండెను.

"ఘాటులో వైరు తెగినచో నెవడు వచ్చును నర్సమ్మా? పంపైనచో స్పానరొకటి చాలును" అని ఆచారి పలికెను.

"ఆ మాటయు నిజమే" యని నర్సమ్మ యెటును తేల్చుకొనలేక గడియారము చూచుకొని నిట్టూర్చెను. "ఆచారిగారూ, నడిదారిలో బండి నిలిచినచో మూడు ప్రాణములు. మీ చెవి యౌనన్నచో నాకును ఔనే."

ఆచారి పంపును బిగించెను, సడలించెను, మరల బిగించెను. ఇంజనును నడిపించి స్క్రూడ్రైవరు మొన దానికానించి పిడి చెవికానించి కన్నులు మూసికొనెను. చేతికి అదురు తెలియుచుండెను గాని అందలి తప్పొప్పులు తెలియుట లేదు. చెవిలోనున్నది తన చెవిహోరే. అయినను తలయూపి "ఆహా! పట్టువలె నున్నది" యనెను. ఆ పట్టు సుత్తెతో రేకును బాదినట్లు మ్రోగుచుండ ఎదుటి టీకొట్టువాడు సైతము గరిటె పట్టుకొని యిటు తిరిగి చూచెను.

వైదేహి ముఖము పాలిపోయెను. నర్సమ్మ ఇంజను నాపి బానెటుపై వంగియున్న ఆచారి వెనుకకు పోయి మామూలు గొంతుకతో "ఆచారిగారూ, మీ లుంగీ యంటుకొన్నది" యనెను.

ఆయన కదలలేదు. నట్టును తుడుచుకొనుచునే యుండెను.

కొంతసేపటికి కోడలి కన్నీరు చూచి వెనుదిరిగి "ఏమంటిరి?" యని యడిగెను. నర్సమ్మ ఆయన యెదుటికి వచ్చి పెదవులు స్పష్టముగ కదలించుచు ఆ మాటనే మరల పలికెను. ఆయన యులికిపడి లుంగీవైపు చూచుకొనెను. నిప్పు లేదు. చూచి చూచి సంగతి యెఱిగి స్టూలుపై చతికిలబడెను.

"మూడు ప్రాణములంటిరి. మీకు అబద్ధము చెప్పితిని తల్లీ" యనెను. పిమ్మట లేచి పంపును తానే యూడదీసెను. "అమ్మాయీ! పెట్టె తెమ్ము. వానకు తడియు చోట పెట్టకుము, సీటుక్రింద బిగింపుము. వైర్లు వేడి తగులకుండ ఈ ప్రక్కనుండి రానిమ్ము. ఏ సెన్సారు చెడినచో నేది మార్చవలెనో నర్సమ్మకు నేర్పుము. మారుసెన్సార్లు డిక్కీలో నుంచుము." ఆ మాటలలో వైదేహి యెఱుగనివి కొన్ని, యెఱిగియు మఱచినవి కొన్ని.

మూడవనాటి పగటికి పని ముగిసెను. ల్యాప్‌టాప్ తెరపై ఇంజను నడకను చూపుచు కదలు గీతను ఆచారి కన్నార్పక చూచి గీత చెదరిన చోట వ్రేలుంచి "ఇచ్చట దగ్గుచున్నది గదా?" యని యడిగెను. వైదేహి సరిచేసి తలయూపెను. ఇంజను మెత్తగ నడిచెను. అది మెత్తగనున్నదని ఆయన కోడలి ముఖము చూచి తెలిసికొనెను.

మరునాడు నర్సమ్మ కారు ఘాటువైపు సాగుచు కార్ఖానా ముంగిట హారను మ్రోగించెను. ఆచారి తిరుగలేదు. వైదేహి వచ్చి ఆయన భుజముపై చేయివైచెను. అప్పుడాయన వెనుదిరిగి అప్పటికే మలుపు తిరిగిన కారునకు చేయెత్తి చాలసేపు ఊపుచుండెను.