గీత బయట పడిన రింగు

తెల్లవారి అయిదున్నరకు తలుపు మీద టకటకా మూడు దెబ్బలు పడ్డాయంటే గురవయ్య వచ్చాడని అర్థం. యలమందయ్య మంచం మీదినుంచే, "నాకు మోకాళ్ల నొప్పులండీ" అన్నాడు.

"నొప్పులున్నోళ్లే ముందు రావాలి యలమందయ్యగారూ. మీ పేరు రాసేశాను," అని బయటినుంచి జవాబొచ్చింది.

గురవయ్య ముప్పై నాలుగేళ్లు హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా చేశాడు. రిటైరయ్యాక ఈల ఊదితే పలికే పిల్లలు లేక డీలా పడిపోయాడు. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన పత్తి చేల మధ్య పెద్దవాళ్ల కోసం కట్టిన ఈ 'విశ్రాంతి విహార్'లో చేరాక ఆయనకు డెబ్భై ఇద్దరు దొరికారు. దాంతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మిగతావాళ్ల ప్రాణం తోడేస్తున్నాడని యలమందయ్య అభిప్రాయం. పొద్దున యోగా, టిఫినయ్యాక నవ్వుల క్లబ్బు, పదకొండుకు భజన, సాయంత్రం నడక, దీపాలు పెట్టాక తంబోలా. దేనికీ రానివాళ్ల పేరు వాట్సాప్ గ్రూపులో వేసి, పక్కన ఏడుపు బొమ్మ పెట్టేవాడు. ఆ బొమ్మ రోజూ యలమందయ్య పేరు పక్కనే ఉండేది.

యలమందయ్య ఇక్కడికి వచ్చిందే ఊరికే కూర్చోవడానికి. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీకి సూపర్‌వైజరుగా ముప్పై ఎనిమిదేళ్లు మిర్చి బస్తాల ఘాటుకు దగ్గుతూ, హమాలీల మీద అరుస్తూ, లారీ డ్రైవర్లతో తగువులాడుతూ బతికాడు. ఇకమీదట ఒక కుర్చీ, ఒక పేపరు, ఎవరూ పలకరించని ఒక వరండా ఉంటే చాలనుకున్నాడు.

అంతా బాగానే ఆలోచించాడు గానీ, భార్య సుబ్బరావమ్మ సంగతి ఆయనకు తట్టలేదు. నలభై ఆరేళ్ల కాపురంలో పక్కింటి పేరంటానికి పోవాలన్నా ఆయన మొహం వంక చూసిన మనిషి, ఇక్కడికొచ్చిన నెలకల్లా పొద్దున పోతే మధ్యాహ్నం భోజనాల దగ్గర కనిపించేది. "ఏమే, నా కళ్లజోడెక్కడ?" అని అడిగితే గోడలు వినేవి. ఫోను చేస్తే, "రింగాడుతున్నా, తర్వాత చేయండి" అని పెట్టేసేది.

బళ్లో ఆడపిల్లలు నెట్టు కట్టి ఆడుకునే రబ్బరు రింగు ఆట అది. అరవై ఆరేళ్ల మనిషి చీర కుచ్చిళ్లు ఎగదోపి, కాన్వాసు బూట్లేసుకుని, పక్క బ్లాకులో ఉండే రిటైర్డ్ నర్సు జానీబీతో జోడీ కట్టి ఆ ఆట ఆడుతోందని తెలిసిన రోజు యలమందయ్యకు అన్నం సయించలేదు.

"పడితే తుంటి ఎముక విరుగుద్ది," అన్నాడు.

"పడితే గదా."

"ఈ వయసులో నీకిదేం పోయేకాలం? ఎవరు నేర్పారసలు?"

"ఒకరు నేర్పేదేంది? పెళ్లికి ముందు ఆటల పోటీల్లో మా బడికి కప్పు తెచ్చింది నేనే."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరెప్పుడడిగారు?" అని బూట్ల తాళ్లు ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ మాటకు కోపం తెచ్చుకోవాలో సిగ్గుపడాలో ఆయనకు తెలియలేదు. కోపం బాగా అలవాటు గనక అదే తెచ్చుకున్నాడు.

కార్తీకమాసంలో ఒంగోలునుంచి ఇలాంటి పెద్దల నివాసం వాళ్లే ఒక జట్టును రింగు పోటీకి తెస్తున్నారు. గురవయ్య ఆ కబురు మోసుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అంపైరు కావాలండీ. నేను కోచ్‌ని, నాకు కుదరదు. మీరైతే ఏ క్లబ్బులోనూ లేరు, ఏ గుంపులోనూ లేరు."

"ఆడేది మా ఆవిడైతే నేనెట్టా అంపైరునవుతాను?"

"ఒంగోలు వాళ్లకు చెప్పాను, పర్లేదన్నారు. మీరు ఆవిడ పక్షం తీసుకుంటారని ఇక్కడ కూడా ఎవరూ అనుకోవట్లేదు."

యలమందయ్య ఆ రోజు ఒప్పుకోలేదు. మర్నాడూ ఒప్పుకోలేదు. మూడోరోజు గురవయ్య నవ్వుల క్లబ్బునంతా వెంటబెట్టుకొచ్చి ఆయన వరండాలోనే నవ్వించడం మొదలెట్టాడు. ఆ పోరు పడలేక సరేనన్నాడు.

పోటీ రోజున నెట్టు పక్కన నిలబడి, నలభై ఆరేళ్లలో మొదటిసారి భార్య ఆట చూశాడు. రింగును ఆమె నడుము ఎత్తులో పట్టుకుని మణికట్టు ఒక్కసారి తిప్పేది. అది నెట్టు మీద నిదానంగా పోతున్నట్టే పోయి, అవతలివాళ్ల చేతి దగ్గరికి రాగానే పక్కకు వాలిపోయేది. రెండో గేములో ఒంగోలు జట్టులోని పొడుగావిడ దాన్ని అందుకోబోయి రెండుసార్లు తడబడింది. యలమందయ్య చేతులు చప్పట్లకు లేవబోయాయి. అంపైరునని గుర్తొచ్చి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

చెరొక గేమూ గెలిచారు. మూడోదాంట్లో ఒంగోలు వాళ్లకు ఇరవై, వీళ్లకు పంతొమ్మిది. సుబ్బరావమ్మ విసిరిన రింగు వెనక గీత దగ్గర పడింది.

"అవుట్," అన్నాడు యలమందయ్య.

"గీత మీద పడిందండీ," అంది సుబ్బరావమ్మ.

"బెత్తెడు బయట పడింది."

"సరిగ్గా చూడండి."

"చూశాకే చెప్పాను. గీత మీద పడితే సున్నం అంటుకుంటది. రింగు తీసి చూడండి."

జానీబీ పోయి రింగు తీసి అటూ ఇటూ తిప్పింది. సున్నం లేదు. కింద పెట్టేసింది. ఒంగోలు వాళ్లు గెలిచారు. యలమందయ్య స్కోరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని భోజనానికి వెళ్లాడు.

భోజనాల హాల్లో ఆయన బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. "సొంత పెళ్లాన్నే ఓడగొట్టినాయన," అని వెంకయ్య అనే ముసలాయన వినపడేట్టే అన్నాడు. న్యాయంగా చెప్పినందుకు ఇదేం పంచాయితీరా అని యలమందయ్యకు ఒళ్లు మండింది. దానికి తోడు సుబ్బరావమ్మ మాట్లాడ్డం మానేసింది. మూడడుగుల దూరంలో కూర్చుని మెంతికూర తుంచుతూ కూడా జానీబీ చేత అడిగించేది.

"అన్నయ్యా, బీపీ మాత్ర వేసుకున్నారా అని వదిన అడగమంది."

"వేసుకున్నానని మీ వదినకు చెప్పమ్మా."

"వేసుకున్నారంట వదినా."

ఇట్టా ఆరు రోజులు గడిచాక, జానీబీ లేని పూట చూసి యలమందయ్య అడిగేశాడు. "రింగుకు సున్నం లేదు. నువ్వూ చూశావు."

"చూశాను. అవుటని రింగు చెయ్యి వదిలినప్పుడే తెలుసు నాకు."

"తెలిసీ అందరి ముందూ నాతో వాదించావా?"

"ఆటలో అందరూ వాదిస్తారు."

"మరి ఈ మౌనవ్రతం దేనికి?"

సుబ్బరావమ్మ మెంతికట్ట పక్కన పెట్టింది. "గంటన్నర ఎండలో ఆడాను. అయిపోయాక కాగితం జేబులో పెట్టుకుని అన్నానికి పోయారు. బాగా ఆడావని ఒక్క మాటన్నారా?"

"అంపైరు అట్టా అనకూడదు."

"ఆట అయిపోయాక కూడా అంపైరేనా మీరు?"

ఆయన మెంతికట్ట తన వైపు లాక్కుని ఒక రెమ్మ తుంచాడు. "రెండో గేములో ఆ పొడుగామెను బోల్తా కొట్టించావే, అప్పుడు చప్పట్లు కొట్టబుద్ధయింది," అన్నాడు.

"కొట్టకపోయారా."

"ఆ రింగు పక్కకు ఎట్టా వాలింది?"

ఆమె గిన్నె మీది మూత తీసి, మణికట్టు తిప్పి చూపించింది. ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ చూపించింది.

అంతటితో పోయిందనుకుంటే, ఆ వారమే ఒంగోలునుంచి గురవయ్యకు ఫోనొచ్చింది. సంక్రాంతి ముందు నాలుగు జట్లతో పోటీ పెడుతున్నారట, సొంత భార్యకు కూడా అవుటిచ్చిన ఆ అంపైరుగారే కావాలట. యలమందయ్య కుదరదని చెప్పేలోగా సుబ్బరావమ్మ వస్తారని చెప్పేసింది. జానీబీ కూతురి దగ్గరికి వెళ్లిందని, ఆమె వచ్చేదాకా సాధనకు ఆయన్నే నెట్టు అవతల నిలబెట్టింది కూడా.

మొదటి రోజే ఎనిమిది రింగులు వదిలేశాడు. తొమ్మిదోది గుండెకు హత్తుకుని పట్టాడు.

"రెండు చేతులతో పట్టకూడదండీ, ఫౌలు," అంది ఆమె.

"నాకు తెలుసు. నాకు చెప్పబాక," అని విసుక్కుంటూ రింగు తిరిగి విసిరాడు. అది నెట్టుకు తగిలి ఆయన వైపే పడింది.