పసుపు గీత

హైడ్రోజన్ వెలుగును విడదీస్తే కంటికి నాలుగు గీతలు కనిపిస్తాయి. ఎరుపు, పచ్చ కలిసిన నీలం, ముదురు నీలం, ఊదా. మధ్యలో అంతా చీకటి. పోయిన ఏడు కూడా ఇదే చదివాను. ప్రాక్టికల్స్‌లో ఖాళీ కాగితం ఇచ్చి తప్పాను. ఈసారీ తప్పితే చదువు మాని అమ్మ పక్కన రెండో కుట్టుమిషను దగ్గర కూర్చోవాలి. దానికి అమ్మ అప్పుడే నూనె వేసింది.

పాఠం అమ్మకే అప్పజెప్పాను. అమ్మ చొక్కా కాలరు కుడుతూ వింది.

"ఎరుపుకీ నీలానికీ మధ్య ఏమీ ఉండదా?"

"ఉండదమ్మా. ఎలక్ట్రాన్ మెట్టు దిగితేనే రంగు. మెట్టు లేని చోట రంగెలా వస్తుంది?"

"మరి పోయినేడు పసుపు కనబడిందన్నావు."

"అది నా కళ్ళ తప్పు."

"నీ కళ్ళకేం రోగం?" అంది అమ్మ. దారపుండ మీద ఏ రంగని రాసి ఉన్నా, గుమ్మంలో వెలుతురుకి గుడ్డ పక్కన పెట్టి చూడందే అమ్మ సూదిలోకి దారం ఎక్కించదు.

పరీక్షలో మళ్ళీ హైడ్రోజన్ నింపి వెలిగించే గాజు గొట్టమే వచ్చింది. స్పెక్ట్రోమీటర్‌లో చూశాను. నడిమధ్యన పసుపు గీత, అన్నిటికన్నా కాంతిగా. అద్దం తుడిచాను. కన్ను తుడుచుకున్నాను. గీత అక్కడే ఉంది.

తర్వాతి వంతు అమ్మాయి నా వెనక నిలబడింది. ఆమె కాగితంలో కొలతలన్నీ అప్పటికే ఉన్నాయి.

"పుస్తకంలోవి రాసెయ్యవే. మళ్ళీ చూస్తూ కూర్చుంటావా?"

చూస్తూ కూర్చున్నాను. పసుపు గీత కోణం కొలిచి రాశాను.

ఎగ్జామినర్ వచ్చి కాగితం చూశారు. "హైడ్రోజన్‌లో పసుపేంటమ్మా?"

"తెలీదు సార్. కనబడింది రాశాను."

ఆయన వంగి చూశారు. చాలాసేపు లేవలేదు. నడుం పట్టేసిందేమో అనుకున్నాను. లేచి అటెండర్ని పిలిచారు.

"ఇది హీలియం గొట్టం కదయ్యా."

"అవును సార్. హైడ్రోజన్‌ది పగిలిపోయింది. ఆ స్టాండులో ఇది సరిగ్గా పట్టింది."

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు. ఎవరూ ఏమీ అనలేదు సార్."

ఆ మూడేళ్ళూ మార్కులు వేసింది ఆయనే. దాదాపు అందరికీ నిండుగా వేశారు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

నేను పాసయ్యాను. ఒక్క మార్కు తగ్గింది.

"అదెందుకు పోయింది?" అంది అమ్మ.

"పైన హైడ్రోజన్ అని రాశాను కదా. అది తప్పట."

అమ్మ రెండో మిషను మీద గుడ్డ కప్పింది.

"నూనె దండగైంది" అంది.