ఎవరూ కొనని పళ్ళు

నల్లబడ్డ చక్రకేళి తొక్కను రెండు వేళ్ళతో పట్టుకుని, చచ్చిన బొద్దింకను పారేసినట్టు బకెట్లో పడేసింది సూర్యకాంతం. చేతికి జిగురుగా అంటుకున్న పండును గిన్నెలో వేసి పప్పుగుత్తితో కసిగా మెదిపింది. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆమె ఆయా. ఇవాళ ఆదివారం.

పెళ్ళైన నాటి నుంచీ ఆ ఇంటికి వచ్చిన పళ్ళన్నీ ఇలాంటివే. భర్త సత్తిరాజు స్టేషను దగ్గర తోపుడుబండి మీద అరటిపళ్ళు అమ్ముతాడు. మంచివి జనానికి, మచ్చ పడ్డవి బేరమాడేవాళ్ళకు, ఎవరూ ముట్టనివి ఇంటికి. ఒకప్పుడు పక్కనే బండి పెట్టినవాడు ఇప్పుడు ఏలూరులో పెద్ద పళ్ళ దుకాణంలో ఫ్యాను కింద కూర్చుంటున్నాడు. సత్తిరాజు మాత్రం అడగకపోయినా కొసరు వేసి, ముందుపన్ను ఊడిన నోటితో నవ్వుతాడు. బండి అడ్డమని తిట్టినవాడికీ అదే నవ్వు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్ళు మంట.

"పండు ఎంత ముగ్గితే కేకు అంత బాగుంటుంది ఆయమ్మా" అని నిన్న స్కూల్లో టీచరమ్మ ఫోనులో వీడియో చూపించింది. ఉన్నవాళ్ళకు కుళ్ళు కూడా సరదాయే అనుకుంది సూర్యకాంతం. అయినా మైదా, బెల్లంపొడి, నూనె, వంటసోడా కలిపింది. కుక్కరు అడుగున ఇసుక పోసి, గిన్నె దించి, వెయిటు లేకుండా మూత పెట్టింది.

మధ్యాహ్నం సత్తిరాజు బండిని గుమ్మం ముందు ఆపి, వాసన పట్టుకుని వంటగదిలోకి వచ్చాడు. చొక్కా మీద చెమట ఎండి తెల్లగా చారలు కట్టింది. ఆమె ఒక ముక్క కోసి పళ్ళెం అతని ముందుకు తోసింది.

"ఏ బేకరీలో కొన్నావు?"

"మీ బండి మీదవేనండి. ఎవరూ కొననివి."

అతను నవ్వాడు. తినేసి వేళ్ళు నాకి, "ఇంకోటి పెట్టు" అన్నాడు.

"మా స్కూల్లో వాచ్‌మన్ పనికి వస్తారో రారో రేపు చెప్పాలండి. కుర్చీలో కూర్చోవడమే. అదీ చేతకాదా మీకు?"

"సాయంత్రం చెబుతాలే. గుండెల్లో ఏదో మంటగా ఉంది. కాసేపు నడుం వాలుస్తా."

"పని మాటెత్తితే మీకు మంటేనండి."

ఆమె వేసిన రెండో ముక్కతో పళ్ళెం పట్టుకెళ్ళి అతను అరుగు మీద చాప పరుచుకున్నాడు.

ఆమె కుక్కరు తోమి, ఇసుక దొడ్లో పోసి, వారం బట్టలన్నీ ఉతికి వచ్చేసరికి పొద్దు వాలింది.

"ఏవండీ! రైలు దిగేవాళ్ళంతా వెళ్ళిపోయాక లేస్తారా?"

కదలలేదు. కాలితో చాప అంచు తన్నింది. అతని చెయ్యి జారి గచ్చు మీద పడింది.

సూర్యకాంతం మెల్లగా పక్కన చతికిలబడింది.

"చెబుతానన్నారు కదండీ" అంది, రోజూ ఎగతాళి చేసే గొంతుతోనే. "ఏ సంగతి తేల్చి చెప్పారు గనక?"

జనం పోగై అతన్ని లోపలికి మోసుకెళ్ళారు. పక్కింటి కనకరత్నం అరుగు మీది పళ్ళెం తీసింది. "పిన్నిగారూ, చీమలు పడుతున్నాయండి. పారేస్తాను."

"దాన్నక్కడ పెట్టు."

పళ్ళెంలో రెండో ముక్క ఒక మూల కొరికి ఉంది. మెత్తని కేకు మీద పంటిగాట్లు, వాటి మధ్య ఊడిన పన్ను వదిలేసిన సన్నటి గట్టు.