ఐలవ్వ అడిగినట్టు

తడి నూలుకు పట్టిన గంజి వాసన. సిరిసిల్లలో ఆ వీధి ఆ వాసనతోనే తెల్లవారేది.

అలాంటి ఒక తెల్లవారుజామున వాకిట్లో ఐలవ్వ కాలు జారింది.

పడింది. మళ్లీ లేవలేదు.

ఆ ఇంట్లో ఇద్దరే మనుషులు. ముత్యం పెద్ద భార్య ఐలవ్వ. చిన్న భార్య శంకరవ్వ. పిల్లలు కలగలేదని ముత్యం రెండో పెళ్లి చేసుకున్నాడు. శంకరవ్వకూ కలగలేదు. రజాకార్ల అలజడి సద్దుమణిగిన మరుసటి ఏడు జ్వరంతో ముత్యం పోయాడు.

సవతులు మిగిలారు. రెండు పొయ్యిలు మిగిలాయి. మధ్యలో ఆగిపోయిన మగ్గం.

మాటలు లేవు... పెళ్లినాటి నుంచీ లేవు.

వాకిట్లోంచి ఆమెను ఎత్తింది శంకరవ్వే. ఎండిన ఆకంత బరువు.

కరీంనగర్ దవాఖానలో డాక్టరు చూశాడు. తుంటి విరిగిందన్నాడు. ఈ వయసులో అతకదన్నాడు. ఇంటికి తీసుకుపోయి జావ పోయమన్నాడు.

జమ్మికుంట నుంచి ఐలవ్వ తమ్ముడు అంజన్న బండి కట్టుకొచ్చాడు. సవతి చేతిలో అక్కను వదలనన్నాడు. ఇరుగుపొరుగు వచ్చారు. వెనక అర్రలో పడుకోబెట్టమని ఒకరు, నీళ్లు తక్కువ పోస్తే పక్క తడవదని ఇంకొకరు. అంతా ఆమె ముందే మాట్లాడారు—

ఆమె అక్కడ లేనట్టు.

ఐలవ్వ గోడవైపు తిరిగింది. జావ ముట్టలేదు. నీళ్లూ ముట్టలేదు.

శంకరవ్వ చూసింది. చూసి చూసి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా... నీకెట్ల గావాలె?"

చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

ఐలవ్వ ఇటు తిరిగింది.

"పండవెట్టకు. కూసోవెట్టు. మగ్గం కాడ... మనుషులు అవుపడాలె. బుక్క నా చేతితోనే తింట."

గొంతు తగ్గించింది.

"తడిసిన చీర వీధిల ఆరెయ్యకు, చెల్లె."

చెల్లె.

ఆ పిలుపు ఆ ఇంట్లో ఎన్నడూ వినబడలేదు.

అంజన్న ఖాళీ బండి తోలుకుపోయాడు.

మంచం మగ్గం పక్కకు వచ్చింది. లేచేటప్పుడు పట్టుకోవడానికి దూలానికి తాడు వేలాడింది. వీపు వెనక బొంతలు. కూర్చుంటే నొప్పి. ఐలవ్వ పళ్లు బిగబట్టి కూర్చునేది. వీధిలో పోయేవాళ్లు పలకరిస్తే నవ్వేది.

శంకరవ్వ అన్నం మెత్తగా పిసికి, చిన్న చిన్న ముద్దలు చేసి పళ్లెంలో పెట్టేది. పెట్టి, అటు తిరిగి నూలు కండెలు చుట్టుకునేది. చూస్తుంటే ఐలవ్వ తినదు.

చీరలు పెరట్లో ఆరేవి.

ఒక పొయ్యి చల్లారింది. రెండోది ఇద్దరికీ మండింది.

వానలు పడి, వెనక్కి పోయి, చలి వచ్చేసరికి ఐలవ్వ చెయ్యి లేవడం మానేసింది. ముద్ద జారి ఒళ్లో పడింది. శంకరవ్వ తినిపించబోయింది. ఐలవ్వ పెదవులు మూసుకుంది.

శంకరవ్వ ఆ ముద్దను ఐలవ్వ వేళ్ల మధ్యే పెట్టింది. ఆ వేళ్లను తన అరచేతితో కప్పింది. మెల్లగా పైకి లేపింది.

"నీ చెయ్యే, అక్కా."

ఐలవ్వ తిన్నది. నములుతూ ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం స్నానం చేయిస్తుంటే ఐలవ్వ అడిగింది.

"నాకు నువ్వైతివి. నీకెవలైతరు, చెల్లె?"

శంకరవ్వ చెంబుతో నీళ్లు ముంచింది. పోసింది. మళ్లీ ముంచింది.

కొన్నాళ్లకు ఐలవ్వ పోయింది. కూర్చునే, వీధివైపు చూస్తూనే.

అంజన్న వచ్చాడు. బయట పాడె సిద్ధమైంది. ఆఖరి స్నానానికి ఆడవాళ్లు ముందుకొస్తే శంకరవ్వ వద్దంది. ఒక్కతే లోపలికి పోయింది. తలుపు దగ్గరగా వేసుకుంది.

నీళ్ల చప్పుడు వినబడింది.

తర్వాత శంకరవ్వ మాటలు—

కొత్త పెండ్లికూతురుగా ఈ ఇంటికి వచ్చిన నాడు తనకు ఆకలైందని... అడగడానికి భయమేసిందని... ఆ రాత్రి ఖాళీ కడుపుతో పడుకున్నానని.

ఇంకా ఏవేవో. ఏ ఏటివో.

బయట అంజన్న తలుపు తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పొద్దు వాలుతోంది... లోపల ఆమె అక్కకు చెబుతూనే ఉంది.